ఉర్దూ నవల నుండి తెలుగు తెరకు: 'మా భూమి' చిత్ర పరిశీలన

రైతుల తిరుగుబాటును చలనచిత్రంగా మలచడం సులభసాధ్యమైన పని కాదు. చరిత్రను విడువరాదు, చిత్రం కేవలం చరిత్ర పాఠంగా మిగలనూరాదు. హంగేరీ దర్శకుడు మిక్లోష్ యాంచో 1972లో ఈ చిక్కుముడిని పాటతోనూ నృత్యంతోనూ విప్పాడు. ఆంగ్లంలో 'రెడ్ సామ్' అని పేరొందిన ఆయన చిత్రంలో పందొమ్మిదవ శతాబ్ది చివరినాటి వ్యవసాయ కూలీలు విశాలమైన మైదానంలో వలయాలుగా తిరుగుతూ పాడుతుంటారు. వారిని అణచవచ్చిన సైనికులు ఒక దశలో తామూ ఆ నృత్యంలో కలిసిపోతారు. పిమ్మట విడివడి, ఆ జనాన్ని చుట్టుముట్టి తుపాకులు పేలుస్తారు. దాదాపు గంటన్నర సాగే ఈ చిత్రంలో షాట్లు ముప్పై కూడా లేవు. ఆ సంవత్సరం కాన్ చిత్రోత్సవంలో యాంచోకు ఉత్తమ దర్శకుని బహుమతి లభించింది.

తెలుగులో ఇటువంటి ప్రయత్నమేదని వెదికితే మనకు తప్పక తారసపడేది 1980లో విడుదలైన 'మా భూమి'. బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ దీని నిర్మాతలు. దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు. ఆయన తొలి కథాచిత్రం తెలుగుభాషలో రూపొందడం ఒక విశేషం. అంతకు మించిన విశేషాన్ని మన కళాశాల విద్యార్థులు ప్రత్యేకించి గమనించాలని మేము కోరుతున్నాము. ఈ చిత్రకథకు మూలం కృష్ణచందర్ ఉర్దూలో వ్రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల.

చిత్రం పేరు వెనుక మరొక చరిత్ర ఉన్నది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో 'మా భూమి' అనే నాటకం వ్రాశారు. ప్రజానాట్యమండలి దళాలు దానిని ఊరూరా ప్రదర్శించగా మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటకానికి ప్రేరణ షేక్ బందగీ. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, న్యాయస్థానం దాకా వెళ్ళి, చివరకు హత్యకు గురైన పేద ముస్లిం రైతు అతడు. ఆ విసునూరు దేశ్‌ముఖ్ అధీనంలో 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాశారు.

తెలంగాణ సాయుధ పోరాటాన్ని ముస్లిం ప్రభువుపై హిందూ ప్రజల తిరుగుబాటుగా చెప్పేవారు ఉన్నారు. రజాకార్ల దౌర్జన్యాలు నిజం, వాటిని దాచనవసరం లేదు. కాని నిజాము పాలనను పల్లెల్లో మోసిన దేశ్‌ముఖులలో అత్యధికులు హిందువులే. గడీ ముందు వెట్టికి నిలబడ్డవారిని మతం అడిగిన దొర లేడు. చిత్ర నాయకుడు రామయ్య తాను ప్రేమించిన చంద్రి దొరకు లొంగవలసి వచ్చిందని తెలిసి ఊరు విడుస్తాడు. హైదరాబాదులో అతడికి దారి చూపిన కార్మిక నాయకుని పేరు మక్బూల్. మక్బూల్‌ను చూచినప్పుడు కవి మఖ్దూం మొహియుద్దీన్ మాకు గుర్తుకు రావడం సహజమే.

యాంచో పాత్రలకు ముఖాలున్నాయి గాని, గుర్తుంచుకోదగిన పేర్లు లేవు. జనసమూహమే అక్కడ నాయకుడు. 'మా భూమి' అట్లా కాదు. నలుపు తెలుపుల తెరపై ఒక్కడి బ్రతుకు వెంట నడుస్తూ ఊరిని చూపుతుంది. ఇది మాకు ఎక్కువ నచ్చింది, పట్నం ఘట్టం కొంత తొందరగా ముగిసినట్లు తోచినప్పటికీ. పాటలోనే రెండు చిత్రాలకు చుట్టరికం. పసులు కాచే పిల్లవాని గూర్చి సుద్దాల హనుమంతు కట్టిన పాట, గొంగడి కప్పుకొని గద్దర్ పాడిన బండి యాదగిరి పాట సినిమా కోసం పుట్టినవి కావు. పోరాటంలోనే పుట్టి జనం నోట నిలిచి, పిదప తెరకెక్కాయి.

ధర్మపురి, జగిత్యాల వారికి ఇది దూరపు కథ కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి, దొరల పెత్తనం అప్పటికీ ఇక్కడ పోలేదు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తరువాత రెండేళ్ళకే 'మా భూమి' ప్రేక్షకుల ముందుకు వచ్చింది.

ఉర్దూ శాఖ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి చేయదగిన పని ఒకటి ఉన్నది. నవలలో కథానాయకుడు రాఘవరావు చెరసాలలో ఉరితీతకు ముందటి రాత్రి తన జీవితాన్ని తలపోస్తాడు. చిత్రమో ఊరిలో మొదలై, 1948 సెప్టెంబరు సైనికచర్య వెంట దొర తిరిగి గడీకి చేరేవరకు నడుస్తుంది. ఆ ఒక్క రాత్రిని దర్శకుడు ఎందుకు విడిచిపెట్టాడో నవలను, చిత్రాన్ని పక్కపక్కన ఉంచుకొని పరిశీలించవచ్చు.