పాఠశాల తోట: పూలమొక్కల పెంపకము

పాఠశాలకు వచ్చు క్రొత్తవారు తరగతి గదులలోని పాఠములను వినక మునుపే ఆవరణమును చూతురు. అందు మోడులును, ముండ్లకంపలును, ఎండిన తొట్లును ఉన్నయెడల లోపల జరుగు విద్యను గుఱించి వారికి మంచి యభిప్రాయము కలుగదు. అయినను పరుల మెప్పు కొఱకే తోట వేయుట తగదు. వార్షికోత్సవమునకు నాలుగు దినములు ముందుగా పూచిన తొట్లను కొనితెచ్చి వరుసగా నిలిపి, పిమ్మట నెల దినములలో వాటిని ఎండనిచ్చుట తోట పెంచుట కాదు. విద్యార్థులు తమ చేతులతో నాటి, నీరు పోసి, ఏడాది పొడుగునను కాపాడిన నాలుగు మొక్కలు కొనితెచ్చిన నలువది తొట్లకంటె మేలైనవి. అట్టి తోట నెట్లు వేయవలెనో, ముఖ్యముగా వేసవి సెలవులలో దాని నెట్లు బ్రతికించుకొనవలెనో ఈ వ్యాసమున వివరించెదను.

1. పూర్వచరిత్ర

బడికి తోట యుండవలెనను మాట క్రొత్తది కాదు. 17వ శతాబ్దమునందే కొమీనియసు అను విద్యావేత్త పాఠశాల ప్రక్కన తోట యుండుట మంచిదని వ్రాసెను. జర్మనీ దేశస్థుడగు ఫ్రోబెలు 1837లో తాను ప్రారంభించిన శిశుపాఠశాలకు 1840లో కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. దాని యర్థము పిల్లల తోట. అందు పిల్లలకు తమవియైన చిన్న మడులు ఉండెడివి.

మన తెలుగుదేశమునకును ఈ విషయమున ఘనమైన చరిత్ర కలదు. వైద్యుడగు రాక్స్‌బరో 1780 తరువాతి సంవత్సరములలో సామర్లకోటయందు తోట వేసి, కోరమాండల్ తీరపు మొక్కలను పరీక్షించి, ఇచ్చటి చిత్రకారులచేత వాటి బొమ్మలు వ్రాయించెను. 1795 మొదలు అవి గ్రంథరూపమున వెలువడెను. శ్రీరాంపూరునందు విలియం కేరీ పెద్ద తోట పెంచుటయేగాక, 1820లో కలకత్తాయందు వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించెను. నేడు రాజమహేంద్రవరము చెంత నున్న కడియము నర్సరీలనుండి మొక్కలు దూరదేశములకు పోవుచున్నవి.

2. మొక్కల నెన్నుకొనుట

చూచుటకు అందమైనదెల్ల మన ఆవరణమునకు తగినది కాదు. మన యెండకు ఓర్చునట్టిదియు, తక్కువ నీటితో బ్రతుకునట్టిదియు మొదట కోరదగినది. కాగితపు పూలు, నందివర్ధనము, నూఱువరహాలు, మందారము, బిళ్ళగన్నేరు ఎండ తగులు చోట్ల బాగుగ పెరుగును. కంచెకు గోరింట మిక్కిలి యనుకూలము. వసారా యంచున ఎండయు నీడయు కలిసియుండు చోట క్రోటను మొక్కలు శోభిల్లును. పందిరికి రాధామనోహరము, శంకుపుష్పము, కాశీరత్నము తగినవి. ఋతువును బట్టి బంతి, చేమంతి, కోడిజుట్టు పూలను వేసికొనవచ్చును.

వీటిలో కొన్ని దూరదేశములనుండి వచ్చినవి. బంతి మెక్సికో ప్రాంతపుది; బిళ్ళగన్నేరు మడగాస్కరు దీవిది; కాగితపు పూలు దక్షిణ అమెరికావి. ఇవి మన యింటివియే యైనవి. కాని వచ్చిన ప్రతి మొక్కయు ఇట్లు మేలు చేయలేదు. లంటానా అను పొద అందము కొఱకే మన దేశమునకు తేబడి, అడవులనాక్రమించి, పశువుల మేతను చెఱచినది. ఊదారంగు పూల సొగసునుబట్టి 19వ శతాబ్దాంతమున బంగాళమునకు వచ్చిన గుఱ్ఱపుడెక్క నేడు మన కాలువలను, చెఱువులను పూడ్చుచున్నది. కావున ఒక మొక్కను నాటుటకు ముందు దాని స్వభావమును విచారింపవలెను.

మఱియొక జాగ్రత్త. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషవృక్షములు. వాటి ఆకులు, పూలు, గింజలు అన్నియు ప్రమాదకరములే. బిళ్ళగన్నేరునుండి కాన్సరు వ్యాధికి మందులు తీయుదురుగాని, దాని ఆకులను నమలుట అపాయము. చిన్న తరగతుల పిల్లలు ఆడుకొను చోట పచ్చగన్నేరును ఎంతమాత్రము నాటరాదు.

3. నాటుట

తొలకరి వానలును బడులు తెఱచుటయు ఇంచుమించు ఒకే కాలమున జరుగును. ఇదియే నాటుటకు తగిన అదను. పొదమొక్కలకు అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గల గోతిని త్రవ్వి, పది దినములు ఎండనిచ్చి, పైమన్నును బాగుగ చివికిన పశువుల ఎరువుతో కలిపి నింపవలెను. పచ్చి పేడ వేసినయెడల వేరులకు హాని కలుగును. నల్లరేగడి నేల నీటిని నిలుపుకొనును గనుక అందు ఇసుక కలుపవలెను. ఎఱ్ఱనేలలో నీరు త్వరగా ఇంకిపోవును గనుక ఎరువు పాలు హెచ్చింపవలెను. తొట్టి అడుగున రంధ్రముండవలెను. దానిపై ఒక పెంకు ముక్క నుంచి మన్ను పోయవలెను.

మందారము, కాగితపు పూలు, క్రోటను మొదలగువానిని కొమ్మలనుండియే పెంచవచ్చును. పెన్సిలు లావున, జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు గల కొమ్మను కోసి, క్రింది కణుపునకు దిగువను ఏటవాలుగా చెక్కి, ఆకులను చాలవఱకు తీసివేసి, సగము లోతున తడి ఇసుకమంటిలో గ్రుచ్చి నీడనుంచవలెను. ఇట్లు చేసినయెడల ఒక మొక్క పది మొక్కలగును. బంతి గింజలను నారుమడిలో చల్లి, సుమారు నాలుగు వారములకు అడుగు దూరమున నాటవలెను. మొక్క నిలద్రొక్కుకొనిన పిమ్మట తలను త్రుంచినయెడల ప్రక్క కొమ్మలు పుట్టి పూలు హెచ్చును.

4. నీరు

ప్రతిదినము పైపైన చిలకరించుటకంటె, రెండు మూడు దినముల కొకసారి వేరులకు అందునట్లు పోయుట మేలు. పైపైని తడి వేరులను పైకి రప్పించి మొక్కను బలహీనపఱచును. ప్రొద్దుటి వేళ ఉత్తమము. భోజనానంతరము విద్యార్థులు చేతులును పళ్ళెములును కడుగుకొను నీటిని సబ్బు కలియనియెడల కాలువ తీసి మొక్కలకు మళ్లింపవచ్చును.

తొట్ల క్రింది పళ్ళెములలో నీరు నిలువరాదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ అట్టి స్వచ్ఛమైన నీటిలోనే గ్రుడ్లు పెట్టును. వారమున కొకమారైన వాటిని ఒలికించి తోమవలెను.

5. వేసవి సెలవులు

పాఠశాల తోటకు తెగులుకంటె, పురుగుకంటె గొప్ప శత్రువు వేసవి సెలవు. పది నెలలు పెంచినది నెలన్నరలో మాడిపోవును. జూన్ మాసమున తిరిగి వచ్చిన బాలుడు తాను నాటిన మొక్క పుల్లయై యుండుట చూచెనేని, మఱల నాటుటకు వానికి మనసు రాదు. కావున సెలవులకు పూర్వమే ఈ పనులు చేయవలెను.

మొదట, ఏకవార్షికములగు పూలమొక్కల గింజలను సేకరించి, ఎండబెట్టి, పేర్లు వ్రాసిన పొట్లములలో దాచవలెను. రెండవది, తొట్లనన్నిటిని ఒక చెట్టునీడకు చేర్చవలెను. మూడవది, నేలమీది మొక్కల మొదళ్ళచుట్టు ఎండుటాకులను మూడంగుళముల మందమున పఱచవలెను. నాలుగవది, మొక్కప్రక్కన మట్టికుండను మెడవఱకు పాతి, నీరు నింపి మూత వేయవలెను. కుండ గోడలనుండి నీరు కొంచెము కొంచెముగా ఊరి వేరులకు చేరును.

ఇక మిగిలినది మనుష్యుల పని. సమీపమున నివసించు 15 మంది విద్యార్థులు ఒక్కొక్కరు 3 దినములు వంతు తీసికొన్నయెడల 45 దినములు గడచిపోవును. ఆ పట్టికను గోడపై వ్రాసి, తలిదండ్రులకు తెలియజేసి, ప్రతి వంతునకును పెద్దవారి నొకరిని తోడుంచవలెను.

6. పని యెవరిది?

కొందఱు తలిదండ్రులు, "మా పిల్లలను చదువుకు పంపితిమిగాని కూలికి కాదు" అందురు. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. పాఠముల వేళ మాన్పించి పిల్లలచేత నీరు మోయించుటయు, కొందఱిచేతనే ఎల్లప్పుడు చేయించుటయు తప్పు. తోటపని దినమునకు ఇరువది నిమిషములు మించరాదు. బాలురకు బాలికలకు, కలవారికి లేనివారికి వంతులు సమముగ నుండవలెను; ఉపాధ్యాయులకును ఒక వంతు ఉండవలెను.

అన్నిటికంటె ముఖ్యముగా, తోటపనిని శిక్షగా విధింపరాదు. తప్పు చేసిన బాలునిచేత నీళ్లు మోయించిన ఉపాధ్యాయుడు, నీళ్లు మోయుట సిగ్గుపడదగిన పనియని తరగతి కంతటికిని బోధించినవాడగును. వాని తండ్రి పొలమున ఆ పనియే చేయుచుండవచ్చును. తన తండ్రి బ్రతుకుతెరువును శిక్షగా చూచిన పిల్లవాడు ఏమి నేర్చుకొనునో పెద్దలు ఆలోచింపవలెను.

7. విద్యార్థులకు పరిశీలనాభ్యాసములు

(అ) మందారపు పూవును నిలువున కోసి, రక్షకపత్రములు, ఆకర్షణపత్రములు, కేసరముల గొట్టము, అయిదు కీలాగ్రములు గుర్తించి బొమ్మ గీయుడు.

(ఆ) చంద్రకాంత పూవు సాయంకాలము ఎన్ని గంటలకు విచ్చుకొనునో వారము దినములు వ్రాసి సరిపోల్చుడు.

(ఇ) శంకుపుష్పములను వేడినీటిలో నానబెట్టి, ఆ నీలిరంగు నీటిని రెండు గిన్నెలలో పోసి, ఒకదానిలో నిమ్మరసమును, రెండవదానిలో వంటసోడాను కలిపి, రంగుల మార్పును గమనింపుడు.

(ఈ) రాధామనోహరపు పూవు విచ్చుకొనునప్పుడు తెల్లగా నుండి పిమ్మట ఏయే రంగులకు మాఱునో దినచర్యలో వ్రాయుడు.

(ఉ) ఎండుటాకులు పఱచిన మొక్కమొదటను, పఱువని మొక్కమొదటను మట్టిని మూడవ దినమున వ్రేలితో తాకి, తేమను పోల్చిచూడుడు. ఈ ప్రయోగఫలము తెలిసినవారికి వేసవిలో ఏమి చేయవలెనో వేఱుగా చెప్పనక్కఱలేదు.