కట్టుబడి యిల్లు - కర్మాగారపు టిల్లు

కూడు, గుడ్డ, గూడు అను మూడును మానవునకు ముఖ్యావసరములు. వీనిలో మొదటి రెంటిని దినదినము సంపాదించుకొనవచ్చును గాని, మూడవదానిని పెక్కు కుటుంబములు జీవితములో నొక్కసారి మాత్రమే సంపాదించుకొనును. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిన మాటలోని భారము తలిదండ్రు లందరు నెరిగినదే. ఇప్పుడు కర్మాగారములో గదులుగా తయారై, లారీలపై వచ్చి, కొలది దినములలో నిలుచు ఇండ్లను గూర్చి వినుచున్నాము. వీనికి మాడ్యులర్ ఇండ్లని పేరు. ఇవి మన కట్టుబడి యిండ్లకు బదులు కాగలవా యని విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. మా విద్యార్థులలో కొందరి తండ్రులు తాపీపనివారును వడ్రంగులును నగుటచే, ఇది మాకు పుస్తకములోని ప్రశ్న మాత్రము గాదు.

కట్టుబడి యింటికి ఇటుక, ఇసుక, సిమెంటు, కలప, ఇనుము వేరువేరుగా వచ్చి, స్థలమునందే యిల్లగును. మాడ్యులర్ ఇంటియందు గది యంతయు నొక పెద్ద పెట్టెవలె కర్మాగారములోనే తయారగును. ఉక్కుతో గాని, కలపతో గాని, కాంక్రీటుతో గాని దానిని చేయుదురు. విద్యుత్తు తీగలు, నీటి గొట్టములు, తలుపులు, కిటికీలు సహిత మచ్చటనే యమర్చుదురు. స్థలమునందు పునాది సిద్ధపరచి, పెట్టెలను క్రేనుతో నెత్తి దానిపై నిలిపి, ఒకదానితో నొకటి బిగింతురు. గోడలను, స్లాబులను పలకలుగా పోతపోసి తెచ్చి నిలుపు పద్ధతియు దీనికి దగ్గరి బంధువే.

ఈ యూహ మనకు బొత్తిగా క్రొత్తది గాదు. ద్వారబంధము వడ్రంగి కొట్టములోనే తయారై వచ్చుచున్నది గదా! పందొమ్మిదవ శతాబ్దమున బాసెల్ మిషనువారు మంగుళూరులో పెంకుల కర్మాగారమును నడపిరి. ఒకే అచ్చున దిగి, ఒకదానిలో నొకటి కూర్చుండు మంగుళూరు పెంకులు మన పల్లెలవరకు వ్యాపించినవి. అయితే పెంకు పగిలినచో నా యొక్క పెంకును మార్చిన చాలును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో పని గలదు.

కర్మాగారపు టింటివలని లాభములు స్పష్టములు. మొదటిది కాలము. ఇచ్చట పునాది త్రవ్వుచుండగనే అచ్చట గదులు తయారగుచుండును. వానకు పని యాగదు. రెండవది నాణెము. కర్మాగారములో కాంక్రీటు పాళ్లు తూచి కలుపబడును. ఆవిరిచే త్వరగా గట్టిపడును. మన యూళ్లలో స్లాబు పోసి, నీళ్లు కట్టుట మరచి, దానిని నెరలు విచ్చనిచ్చు నిర్లక్ష్య మచ్చట తక్కువ. మూడవది పొదుపు. కొలత ప్రకారము కోయుటచే ఇనుము, కలప వ్యర్థము గావు.

ఇక నష్టములను దేశచరిత్రలే చెప్పగలవు. రెండవ ప్రపంచయుద్ధములో బాంబులచే ఇండ్లు కూలిన బ్రిటనుదేశము 1944లో నొక చట్టము చేసి, 1945 మొదలు 1949 వరకు లక్షా యేబదివేలకు మించిన తయారీ యిండ్లను నిలిపినది. వానిలో నల్యూమినియపు ఇల్లు నాలుగు ఖండములుగా లారీలపై వచ్చెడిది. స్నానపు గది, చల్లని పెట్టె గల ఆ యిండ్లను జనులు మిక్కిలి మెచ్చిరి. పది పదునైదేండ్లకే యని నిలిపినను, కొన్నిటిలో జనులు అరువదేండ్లకు పైగా కాపురముండిరి. కాని మొదట లెక్కించిన దానికంటె వ్యయము మాత్రము చాల పెరిగినది. త్వరగా కట్టిన యిల్లు చవుకగా వచ్చునని నమ్మరాదని దీనివలన తెలియుచున్నది.

అతుకుల సంగతి మరింత ముఖ్యము. లండనులో రోనన్ పాయింట్ అను ఇరువదిరెండంతస్తుల మేడ కాంక్రీటు పలకలతో నిలుపబడినది. 1968 మే 16వ తేదీన పదునెనిమిదవ యంతస్తులో గ్యాసు ప్రేలి యొక గోడ యూడగా, ఆ మూల యంతస్తులన్నియు వరుసగా కూలినవి, నలుగురు మరణించిరి. పలకలు దృఢముగనే యున్నవి. వానిని కలిపిన కీళ్లే బలహీనములు. టోకియోలోని నకగిన్ మేడ మరియొక పాఠము. 1972లో కట్టిన ఆ మేడకు 140 పెట్టెలు తగిలించి, పాతబడిన వానిని తీసి క్రొత్తవానిని పెట్టవచ్చునని సంకల్పించిరి. కాని యొక్క పెట్టెయైన మార్చుట జరుగలేదు. 2022లో మేడనే విప్పివేసిరి. పెంకును మార్చినంత సులభముగా గదిని మార్చలేమని దీని తాత్పర్యము.

మనదేశములో 2021 జనవరి 1వ తేదీన ఆరు నగరములలో నూతన పద్ధతుల గృహములకు శంకుస్థాపన జరిగినది. రాంచీలో కాంక్రీటు గదులనే పోతపోసి పేర్చి 1,008 ఇండ్లను నిర్మింప నుద్దేశించిరి. ఒకే తీరు ఇండ్లు వేయికొలది యొక్కచోట కావలసినపుడు, తుపానుచే జనులు నిలువనీడ లేనివారైనపుడు, ఈ పద్ధతి సాటిలేని సహాయము.

కాని యొక్క సంసారి యిల్లు వేరు లెక్క. అత డొక యేట పునాది వేయును. పంట చేతికి వచ్చిన పిదప గోడలు లేపును. కొమార్తె పెండ్లి గడచిన పిమ్మట పూత పూయించును. కొడుకు కాపురమునకు వచ్చినపుడు మరియొక గది చేర్చును. కట్టుబడి యిల్లు అతని సంపాదనతోపాటు పెరుగును. కర్మాగారపు టిల్లు సొమ్మంతయు కొలది దినములలోనే యడుగును. పైగా మన మోటారు వాహనముల నిబంధనల ప్రకారము లారీ వెడల్పు 2.6 మీటర్లకు, అనగా ఎనిమిదిన్నర అడుగులకు, మించరాదు. అంతకంటె వెడల్పైన గదికి ప్రత్యేకానుమతి కావలెను. క్రేను పోలేని సందులో నా గది దిగదు. తరువాత గోడకు కన్నము వేయవలెనన్నను, గొట్టము మార్చవలెనన్నను, ఆ పని తెలిసినవారు ఊరిలో నుండవలెను.

అట్లయిన తాపీపనివాని చేయి వ్యర్థమగునా? కాదు. పునాది మట్టము తప్పినచో పెట్టెలు సరిగా కూర్చుండవు. తూకపుగుండు, మట్టపుగొట్టము పట్టిన చేతికి ఇచ్చటను పని యున్నది. అయితే కొలత చదువుట, పటము చూచుట, అతుకు నింపుట నేర్చుకొనవలెను. తండ్రి చేతి నేర్పునకు కుమారుని చదువు తోడైన నీ మార్పు వారికి కీడు గాక మేలే చేయును.

కావున మా యభిప్రాయమిది. పెక్కిండ్లు త్వరగా కావలసినచోట కర్మాగారపు టిండ్లు మేలు. అంచెలంచెలుగా కట్టుకొను కుటుంబమునకు కట్టుబడి యిల్లే మేలు. ఏ యింటినైనను కొనబోవువారు, ఎన్ని దినములలో నిలుచునని యడుగుటకు ముందు మూడు ప్రశ్న లడుగుదురు గాక: అతుకు లెవరు పరీక్షించిరి? సొమ్ము ఎప్పుడెప్పుడు చెల్లింపవలెను? పదేండ్ల పిదప నిది చెడినచో నెవరు బాగుచేయుదురు? వీనికి సరియైన జవాబు దొరికిన యింటిలో నిశ్చింతగా నిద్రింపవచ్చును.