బాలింతను దూరం పెట్టొద్దు



విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువును తోటివాళ్లు పట్టించుకోలేదు. తథాగతుడు నీళ్లు పోశారు, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. రోగికి చేసే సేవ తనకు చేసినట్టేనని బుద్ధుడు సంఘానికి చెప్పారు. ఇది వినయ పిటకంలోని కథ.

మన సిద్దిపేట వాడల్లో హెచ్‌ఐవి ఉన్న బాలింత ఉంటే మనమేం చేస్తున్నాం? ఆమె గ్లాసు, కంచం వేరు చేస్తే, 1956లో బాబాసాహెబ్ వదిలించిన అంటరానితనాన్ని మళ్లీ ఇంట్లకు తెచ్చుకున్నట్టే. ముట్టుకుంటే, కలిసి తింటే, బిడ్డను ఎత్తుకుంటే హెచ్‌ఐవి రాదు.

మందులు లేకుంటే తల్లి నుంచి బిడ్డకు సోకే ప్రమాదం నూటికి 15 నుంచి 45. తల్లీబిడ్డలకు మందులు సరిగ్గా అందితే అది 5 కంటే తగ్గుతుంది. అందుకే మనం చెయ్యాల్సినవి:

1. తల్లి ఏఆర్‌టి మాత్ర ఒక్కరోజు కూడా తప్పొద్దు. ఆసుపత్రికి తోడు పోవాలె.
2. బిడ్డకు డాక్టర్ ఇచ్చిన సిరప్ కనీసం 6 వారాలు, చెప్పినన్ని రోజులు పట్టాలి.
3. తల్లిపాలు ఇస్తుంటే 6 నెలల దాకా అవే. పెద్దమ్మలు ప్రేమతోనైనా తేనె, చక్కెర నీళ్లు, డబ్బా పాలు పట్టొద్దు. పాలతో వేరేవి కలిస్తే ప్రమాదం పెరుగుతుంది.
4. బిడ్డకు 6 వారాలకు మొదటి రక్తపరీక్ష. పాలు మాన్పించాక, 18 నెలలు నిండితేనే చివరి నిర్ధారణ.
5. ఆమె ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పొద్దు. 2017 హెచ్‌ఐవి చట్టం వివక్షను నిషేధించింది. సలహాకు 1097కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

ప్రాణులన్నిటిపై కరుణ చూపుతామని దీక్షలో మాటిచ్చాం. ఆ మాట బాలింత గడప దగ్గర నిలబెట్టుకుందాం.

భవతు సబ్బ మంగలం.