ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ చరిత్ర

మంచినీటి పథకమునకో, వీధిదీపములకో సొమ్ము కేటాయించునపుడు పంచాయతీ సభ్యుల నడుమ ఒక చర్చ తప్పక వచ్చును: వసూళ్లు ఖర్చుకు చాలనప్పుడు ఆ లోటు నెవరు భరింపవలెను? ఇదే ప్రశ్న దేశమంతటికి సంబంధించిన ఒక ప్రభుత్వ సంస్థను ఏబది సంవత్సరములకు పైగా వెన్నాడినది. ఆ సంస్థయే ఇండియన్ ఎయిర్‌లైన్స్.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియగనే, సైన్యములు వదలివేసిన డకోటా విమానములు చౌకగా లభించెను. వానిని కొని పెక్కు కంపెనీలు వెలసెను. కాని అన్నింటికి చాలినంత రాబడి లేకపోయెను. హైదరాబాదులో నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రముగా పనిచేసెను. విమాన చోదకత్వమును వృత్తిగా స్వీకరించిన తొలి భారతీయ మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది ఈ కంపెనీయే.

పార్లమెంటు 1953లో చేసిన చట్టము ననుసరించి, దేశములోపల సర్వీసులు నడుపుచున్న 8 కంపెనీలు కలిసి ఆగస్టు 1వ తేదీన ఒకే కార్పొరేషనుగా ఏర్పడెను. దానికి సంక్రమించిన 99 విమానములలో 74 డకోటాలే. కార్పొరేషను సాధ్యమైనంతవరకు వ్యాపార పద్ధతిని నడువవలెనని చట్టము విధించెను. అయితే ప్రభుత్వాజ్ఞపై నడిపిన సర్వీసులో నష్టము వచ్చి, మొత్తముమీద కూడ సంస్థ నష్టపోయినచో, ఆ సర్వీసు నష్టమును ప్రభుత్వమే పూరింపవలెను. ఇది మిక్కిలి వివేకముగల నిబంధన. దీనివలన సేవకై వచ్చిన నష్టమును అశ్రద్ధవలన వచ్చిన నష్టమునుండి లెక్కలలో వేరుచేసి చూపక తప్పదు.

విమానమెక్కని గ్రామస్థునికి ఈ సంస్థతో ఏమి పని యని తోచవచ్చును. 1949 నుండి సామాన్యమైన ఉత్తరములు, మనియార్డరులు అదనపు రుసుము లేకయే విమానములలో పోవుచుండెను. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసులనుండి బయలుదేరిన విమానములు రాత్రివేళ నాగపూరున కలిసికొని, టపా సంచులను మార్చుకొని, తెల్లవారకమునుపే తిరిగి పోయెడివి. జాతీయము చేసిన పిదప ఈ పనిని కార్పొరేషనే నిర్వహించెను. పట్టణమున కూలిచేయు కుమారుడు పంపిన పది రూపాయలు ఆ విధముగా ఆకాశమార్గమున వచ్చిన దినములు గలవు!

తరువాత 1957లో వైకౌంట్, 1964లో కారవెల్ జెట్, 1976లో ఎయిర్‌బస్ వచ్చెను. 1990 ఫిబ్రవరి 14న బెంగుళూరులో క్రొత్త ఎయిర్‌బస్ కూలి 92 మంది మరణించిరి. ఆ రకపు విమానములన్నియు కొన్ని నెలలు నేలపైననే నిలిచిపోయెను.

1994లో పాత చట్టము రద్దయ్యెను. ప్రైవేటు కంపెనీలకు ద్వారములు తెరచుకొనెను. నష్టపూరణ నిబంధనయు ఆ చట్టముతోనే పోయెను. పోటీ తీవ్రమగుచుండగా సంస్థకై 43 క్రొత్త ఎయిర్‌బస్‌లకు ఆర్డరు ఇచ్చిరి. 2007లో దీనిని, అంతకుమునుపే అప్పులతో నున్న ఎయిర్ ఇండియాను ఒకటి చేసిరి. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పేరు పూర్తిగా మరుగుపడెను. ఆ ఉమ్మడి సంస్థను 2022 జనవరి 27న టాటాలు స్వాధీనము చేసికొనిరి. 61,562 కోట్ల రూపాయల ఋణములో వారు వహించినది 15,300 కోట్లు. మిగిలినది ప్రభుత్వపు మరొక కంపెనీ పద్దులోనికి మార్చబడెను.