కీమా మిషన్‌తో ఇంటి బర్గర్

బర్గర్ రుచి మసాలాలో ఉండదు, మాంసం తెగిన తీరులో ఉంటుంది. అందుకే అటకెక్కిన ఆ పాత పోత ఇనుప కీమా మిషన్‌ను కిందికి దించండి. దానికి మోటారు లేదు, కాలిపోయే కాయిల్ లేదు. బ్లేడుకు సాన పట్టిస్తే చాలు, అమ్మమ్మల కాలం నాటిదైనా పని చేస్తుంది. మిక్సీ జోలికి మాత్రం వెళ్లకండి. దాని వేగానికి మాంసం వేడెక్కి ముద్దయిపోతుంది. షికంపూర్ కబాబ్‌కైతే ఆ ముద్దే కావాలి, బర్గర్‌కు పలుకు కావాలి.

అసలు హ్యాంబర్గర్ గొడ్డు మాంసంతో చేసేది. 1996లో ఢిల్లీలో దుకాణం తెరిచిన మెక్‌డొనాల్డ్స్ కూడా మన దేశం కోసం మటన్‌తో మహారాజా మ్యాక్ చేసింది. మనమూ మటన్‌తోనే చేద్దాం. తొడ మాంసం అర కిలో, కొవ్వు 100 గ్రాములు అడిగి తీసుకోండి. కొవ్వు వద్దనుకుంటే బర్గర్ కూడా వద్దనుకోవాలి, పెనం మీద ఎండిపోతుంది. ఈనెలు, తెల్లటి పొర తీసేసి అంగుళం ముక్కలు కోయండి. ముక్కల్నీ మిషన్ భాగాల్నీ కలిపి అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. చల్లగా ఉంటేనే కొవ్వు తెగుతుంది, లేకపోతే కరిగి జాలీకి పూసుకుంటుంది.

అమీర్‌పేట, పంజాగుట్ట ఫ్లాట్లలో అసలు చిక్కు మిషన్ బిగించడం దగ్గర వస్తుంది. అది చెక్క బల్లల కాలపు సామాను. గ్రానైట్ గట్టు మీద జారుతుంది, కింద అల్మరాలుంటే బిగింపు మర దూరనే దూరదు. డైనింగ్ టేబుల్ చెక్కదైతే దాని అంచుకు, మడిచిన గుడ్డ వేసి బిగించండి. లోపల ముందు పెద్ద మర, తర్వాత బ్లేడు, ఆపైన జాలీ. బ్లేడు చదును వైపు జాలీకి ఆనుకుని ఉండాలి. తిరగబడితే మాంసం తెగదు, నలుగుతుంది. ముక్కలు కొద్దికొద్దిగా వేసి చెక్క పిడితో నెట్టండి, వేలితో వద్దు. తిప్పే పిడి బరువెక్కితే బ్లేడుకు ఈనె చుట్టుకున్నట్టే, విప్పి తీసేయండి. చివర ఒక బ్రెడ్ ముక్క వేసి తిప్పితే లోపల మిగిలినది బయటికొస్తుంది.

ఇక్కడే హైదరాబాదీ చెయ్యి అల్లం వెల్లుల్లి, శనగపప్పు, గుడ్డు వైపు వెళ్తుంది. ఆపండి, అవి వేస్తే అది షామీ కబాబే. కీమాను పిసక్కుండా 120 గ్రాముల చొప్పున ఐదు బిళ్లలు చేయండి. బన్ను కంటే కాస్త వెడల్పుగా, నడుమ చిన్న గుంటతో ఉండాలి. ఉప్పు, మిరియాల పొడి పెనం మీద వేసే ముందే చల్లాలి. ముందుగా కలిపితే మాంసం సాగి గట్టిపడుతుంది.

దోసె పెనం పొగ వచ్చేదాకా కాల్చి, ఒక్కో వైపు నాలుగేసి నిమిషాలు ఉంచండి. అట్లకాడతో నొక్కితే రసమంతా పెనం పాలవుతుంది. కీమా కాబట్టి లోపల ఎరుపు మిగలకూడదు. వెన్నలో కాల్చిన బేకరీ బన్ను, ఉల్లి చక్రాలు, పుదీనా చట్నీ చాలు.

తినగానే మిషన్ విప్పి వేడి నీళ్లతో కడిగి, బాగా తుడిచి, నూనె రాయండి. తడి మీద వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పడుతుంది.