పిన్ని వేళ్లు, భీమవరం మందు

రా చెల్లీ, కూచో. పిన్ని వేళ్ల సంగతి అడిగావుగా. పొద్దున్న లేచాక గంటసేపు పిడికిలి ముడుచుకోదు. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టిన చెయ్యి, ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకోడానికి రెండో చేతిని సాయమడుగుతోంది. "వాతంలేవే" అంటూ ఏడాది గడిపేసింది. నాకు ఒళ్లు మండింది అక్కడే.

ఇది అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి కీళ్ల మీద పడే రుమటాయిడ్ జబ్బు. వాచిన కీలు లోపొర నుంచి కొల్లాజినేజ్ లాంటి ఎంజైమ్‌లు ఊరతాయి. కప్పపిల్ల తోక కరిగిపోయేది ఈ జాతి ఎంజైమ్‌తోనే, 1962లో పట్టుకున్నారు. లంకల్లో వరదొస్తే గట్టు అడుగున మట్టి కోసుకుపోతుంది చూడు, పైన కొబ్బరిచెట్టు నిలబడే ఉంటుంది. కీలులో మృదులాస్థి గతీ అంతే.

ఆ కోతని ఆపలేరా అంటావు. ఇక్కడే మన భీమవరం వస్తుంది. 1895లో అక్కడ పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన నడిపిన రోజుల్లో రెండు రకాల మందులు బయటికొచ్చాయి. ఒకటి ఆరియోమైసిన్, మొట్టమొదటి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్. కొల్లాజినేజ్ పనిచెయ్యాలంటే దాన్లో జింక్ ఉండాలి. టెట్రాసైక్లిన్లు అలాంటి లోహాలనే పట్టేసుకుంటాయి. అందుకే ఆ జాతిదే అయిన డాక్సీసైక్లిన్‌ని తక్కువ మోతాదులో చిగుళ్ల జబ్బుకి వాడతారు. కీళ్లకి అదే జాతి మినోసైక్లిన్ ఇచ్చి చూస్తే వాపు కొంత తగ్గింది, అంతకంటే పెద్దగా చెప్పుకోడానికి లేదు. ఈ ఎంజైమ్‌లని గట్టిగా అడ్డుకునే మారిమాస్టాట్‌ని క్యాన్సర్ రోగులకిచ్చారా, విడ్డూరం, వాళ్లకి కీళ్ల నొప్పులే పట్టుకున్నాయి!

నిలబడింది రెండోది, మెథోట్రెక్సేట్. అది వాపునే అణుస్తుంది, దాంతో ఎంజైమ్‌ల ఊటా తగ్గుతుంది. కీళ్లజబ్బుకి అమెరికాలో అనుమతి 1988లో వచ్చింది. సుబ్బారావుగారు 1948లోనే పోయారు.

పిన్నికి డాక్టరు రాసిందీ అదే. నెమ్మదిగా పనిచేస్తుంది, మధ్యలో మానకూడదు, రక్తపరీక్షలు తప్పవు. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి. ఇంకోమాట, ఈ మాత్ర వేసుకునేది వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. నువ్వెళ్లి పిన్ని క్యాలెండర్‌లో ఆ రోజుకి ఎర్ర సున్నా చుట్టిరా.