చేనికి కావలి గొంతు

కుల్కచర్ల వికారాబాదు జిల్లాలోని ఒక మండల కేంద్రము. ఆ ప్రాంతమున జొన్నకంకులు పాలు పోసికొను దినములలో రైతునకు తీరిక యుండదు. తెలతెలవారుచుండగనే చిలుకలు, పిచ్చుకలు, గోరువంకలు గుంపులుగా వచ్చి కంకులపై వ్రాలును. ఎండ ముదిరిన పిమ్మట చెట్లనీడకు చేరి, ప్రొద్దు వాలువేళ మరల వచ్చును. మంచె యెక్కి కేకలు వేయుటకు, వడిసెల త్రిప్పుటకు ఒక మనిషి కావలెను. పెద్దలు కూలికి పోవలసి వచ్చినచో, ఆ మంచె యెక్కువారు బడికి పోవలసిన బాలుడో, బాలికయో యగుచుందురు. చేను దక్కును, పాఠములు పోవును. పోయిన పాఠములను మరల చెప్పువారెవరు?

విద్యార్థులారా! ఆ బాలునికి బదులుగా మంచెపై ఒక గొంతును మాత్రమే ఉంచుట సాధ్యమా? బ్యాటరీతో పనిచేయు చిన్న స్పీకరు పెట్టెను మన చేతులతోనే చేసి, ఆ పనికి నియోగించవచ్చును. అయితే దానిలోని ప్రతి భాగము ఎందుకున్నదో తెలిసికొని చేయవలెను. తెలిసి చేసిన వస్తువు చెడినను మనమే బాగుచేసికొనగలము.

మొదట ఒక ప్రయోగము చేయుడు. పాడైన రేడియోనుండి స్పీకరును తీసి, దాని రెండు కొనలకు రెండు తీగలు తగిలింపుడు. ఆ తీగలను 1.5 వోల్టుల టార్చిలైటు సెల్లునకు క్షణకాలము తాకింపుడు. ‘టప్’ మని చప్పుడగును. కాగితపు శంకువు ముందునకో, వెనుకకో కదలుట కంటికి కనిపించును. తీగలను తారుమారు చేసి తాకించినచో అది ఎదురు దిక్కునకు కదలును. స్పీకరు రహస్యమంతయు ఈ చిన్న చప్పుడులోనే యున్నది.

విద్యుత్తు ప్రవహించు తీగకు సమీపమున దిక్సూచి ముల్లు కదలునని డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్ 1820లో కనుగొనెను. అనగా విద్యుత్తు ప్రవహించునంతసేపు ఆ తీగ అయస్కాంతమువలె వర్తించును. స్పీకరులో కాగితపు శంకువునకు వెనుక సన్నని తీగచుట్ట అతికింపబడి యుండును. ఆ చుట్ట ఒక స్థిరమైన అయస్కాంతపు సందులో నిలిచి యుండును. చుట్టలోని విద్యుత్తు దిశ మారినపుడెల్ల అది ముందునకు వెనుకకు కదలుచు, శంకువును కదలించును. శంకువు గాలిని కదలించును. సెకనునకు 500 మారులు ఇట్లు కదలినచో 500 హెర్ట్జుల స్వరము మన చెవిని చేరును. నేటి స్పీకర్లకు మూలమైన నిర్మాణమును అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు 1925లో ప్రకటించిరి.

గొంతు సిద్ధమైనది, ఇక అది పలుకుటకు మాట కావలెను. ఇయర్‌ఫోను రంధ్రము గల పాత సెల్‌ఫోను ఇందుకు చాలును. మన కేకలు, తప్పెట మ్రోత, డబ్బా చప్పుడు దానిలో నింపవచ్చును. కాని ఫోను వెలువరించు సంకేతము మిక్కిలి బలహీనము. కావున నడుమ యాంప్లిఫయరు అవసరము. అది శక్తిని పుట్టించునది కాదు. బ్యాటరీలోని శక్తిని, ఫోను చెప్పినట్లు స్పీకరునకు విడుచునది. చెరువు తూమును పసివాడు తెరచినను పారు నీరు చెరువుదే కదా!

పి.ఏ.ఎం. 8403 అను చిప్పు గల చిన్న యాంప్లిఫయరు పలక ఎలక్ట్రానిక్ సామాను అమ్ము దుకాణములలో దొరకును. దానికి 3 అంగుళముల వెడల్పు, 4 ఓముల నిరోధము, 3 వాట్ల సామర్థ్యము గల స్పీకరు తగినది. ఈ చిప్పు 5.5 వోల్టులకు మించి ఓర్వదు. సాధారణపు సెల్లులు నాలుగు వరుసగా కలిపిన 6 వోల్టులగును, అది ప్రమాదము. మరల ఛార్జి చేయదగిన నికెల్ మెటల్ హైడ్రైడు సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులు, నాలుగు కలిసి 4.8 వోల్టులు. ఇవి మనకు తగినవి. పారవేసిన ఫోను బ్యాటరీలను, ల్యాప్‌టాపు సెల్లులను వాడరాదు. లిథియము సెల్లుల కొనలు ఒండొంటికి తగిలినచో మంటలు లేచు ప్రమాదము కలదు.

స్పీకరును ఊరక బల్లపై నుంచి పలికించిన పీలగా వినబడును. శంకువు ముందునకు కదలినపుడు ముందున్న గాలి ఒత్తిడి పెరుగును. అదే క్షణమున వెనుక తగ్గును. ఈ రెండు అలలు కలిసి, ముఖ్యముగా మంద్రస్వరములలో, ఒకదాని నొకటి హరించును. అవి కలియకుండ చేయుటయే పెట్టె పని. దర్శనం మొగిలయ్య పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించి 2022లో పద్మశ్రీ పురస్కారము పొందెను. ఆ వాద్యమునకు ఎండిన సొరకాయ బుర్రలుండును. అక్కడ బుర్ర తాను కంపించి తీగ నాదమును పెంచును. మన పెట్టె అట్లు కంపింపరాదు. గట్టిగా నిలిచి వెనుక అలను లోపలనే బంధింపవలెను. పద్ధతులు వేరు, గొంతునకు ఒడలు కావలెనను సత్యము ఒక్కటే.

కావున లోపల ప్రతి వైపున 6 అంగుళములుండునట్లు ప్లైవుడ్డుతో పెట్టె చేయుడు. ముందు పలకకు స్పీకరు పట్టునంత గుండ్రని రంధ్రము కోసి, మరలతో బిగింపుడు. సందులను జిగురులో కలిపిన రంపపు పొట్టుతో పూడ్పుడు. బ్యాటరీ ధనకొనను స్విచ్చి మీదుగా యాంప్లిఫయరు ధనకొనకు, ఋణకొనను ఋణకొనకు కలుపుడు. పలకపై కుడి, ఎడమలకు రెండు జతల కొనలుండును. మన ఒక్క స్పీకరునకు ఒక జత చాలును. స్పీకరు కొనను దేనినైనను బ్యాటరీ ఋణకొనతో కలుపరాదు. కలిపినచో చిప్పు చెడవచ్చును. టంకము పెట్టునపుడు పెద్దల నొకరిని దగ్గర నుంచుకొనుడు. అన్నియు సరిచూచిన పిదపనే స్విచ్చి వేయుడు.

ఇపుడు లెక్కకు వత్తము. ఒక్కొక్క సెల్లు 2000 మిల్లీ ఆంపియరు గంటలదైనచో, నాలుగింటిలోని శక్తి 4.8 ను 2 చే గుణింపగా 9.6 వాట్ గంటలు. పెట్టె 2 వాట్లు తీసికొనుచు ఎడతెగక అరచినచో 5 గంటలైనను నిలువదు. పది నిమిషములకు ఒక నిమిషము మాత్రమే పలికినచో సగటు ఖర్చు 0.2 వాట్లు. ఊరకున్నపుడు చిప్పు తీసికొను సుమారు 0.08 వాట్లు కలిపిన 0.28 వాట్లగును. లెక్క ప్రకారము 34 గంటలు వచ్చును. సెల్లుల లోపములకు కొంత తీసివేసినను, ఉదయము 3 గంటలు, సాయంత్రము 3 గంటలు వాడిన నాలుగైదు దినములు చాలును. శక్తిని ఇచ్చునది బ్యాటరీ. దానిని నిలుపునది మౌనము.

ఆ మౌనము వలన మరియొక మేలు కలదు. ఎడతెగని చప్పుడునకు పక్షులు త్వరగా అలవాటుపడును. అరచునదే గాని కొట్టునది కాదని గ్రహించిన పిమ్మట చిలుక పెట్టెమీదనే వ్రాలును! అందుచే ధ్వనులను మార్చుచుండవలెను. పెట్టె చోటును దినదినము మార్చవలెను. నడుమ నడుమ మనిషి చేనిలో కనబడి నిజముగా వడిసెల త్రిప్పవలెను. మరియు దూరము రెట్టింపైన ధ్వని తీవ్రత నాలుగవ వంతగును. కావున పెద్ద చేనికి పెద్ద గొంతుకంటె, రెండు మూడు చోట్ల చిన్న గొంతులు మేలు.

కనుక ఈ పెట్టె కావలివాని పనినంతను చేయజాలదు. ఇద్దరు చేయు కావలిని ఒకరు చేయునట్లు మాత్రము చేయగలదు. తండ్రి చేనిగట్టున తన పని చేసికొనుచు నడుమ నొకసారి లేచిన చాలును. బడిగంట మ్రోగువేళకు మంచెపై బాలుని గొంతు ఉండును; బాలుడు మాత్రము తరగతిలో ఉండును.

ప్రశ్నలు

1. స్పీకరు కొనలను సెల్లునకు తారుమారుగా తాకించినచో శంకువు ఎదురు దిక్కునకు కదలుటకు కారణమేమి?
2. కిన్నెర బుర్రకును, స్పీకరు పెట్టెకును గల భేదమును తెలుపుము.
3. ఇరువది నిమిషములకు ఒక నిమిషము పలికించినచో బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచునో లెక్కింపుము.
4. ఈ పెట్టె కావలివాని పనినంతను ఏల చేయజాలదు?